మార్తమ్మ గుమ్మడి గింజల కోసం కోడుమూరు ప్రయాణం

కర్నూల్లో మా మిద్దె మీద నేను చంపని మొక్క లేదు. బీర, కాకర, దొండ, ఏది పెట్టినా ఎండాకాలం రాగానే మాడిపోయేది. అలాంటి నా దగ్గరికి మా ఆఫీసులో పనిచేసే రూతు ఒకరోజు గుమ్మడికాయ కూర తెచ్చింది. వాళ్ల అత్త మార్తమ్మ, కోడుమూరు దగ్గర పల్లెలో, బోరు కూడా లేని ఇంట్లో, అంట్లు తోమిన నీళ్లతో పండించిన కాయట! ఒక్క ముద్ద తిన్నానో లేదో గింజలు కావాలని పట్టుబట్టాను. రూతు నవ్వి ఫోన్ కలిపి ఇచ్చింది. "ఊర్లో ఎవురికీ ఇయ్యను మా. ఈ గింజ గడప దాటితే తీగ ఎండిపోతాదని మా అత్త నాతో ఒట్టేయించుకుండాది. నువ్వు టౌన్‌దానివి, పైగా కోడలి స్నేహితురాలివి. మూడంటే మూడు గింజలు ఇస్తా. ఆదివారం రా, చర్చిలో కోతపండగ కూడా ఉండాది. ఎవురికీ చెప్పద్దు" అంది మార్తమ్మ. ఆ వారమంతా నాకు పని మీద ధ్యాస నిలిస్తే ఒట్టు.

ఫిబ్రవరి నెల. ఆ ఆదివారం పొద్దున్నే కర్నూలు బస్టాండులో పల్లెవెలుగు ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితం, మగవాళ్లకు వంద రూపాయల లోపే అవుతుంది. కోడుమూరుకు గంటకు పైగా పడుతుంది. నల్లరేగడి చేలల్లో శనగ కోతలు సాగుతున్నాయి. ఎనిమిదిన్నరకే ఎండ చురుక్కుమంటోంది. కోడుమూరులో దిగి ముప్పై రూపాయలకు షేర్ ఆటో ఎక్కితే డ్రైవర్ బాషా, "పాటకి పోతాండావా మా?" అని అడిగాడు. పాటేమిటన్నాను. "కోతపండగకి ఎవురి పంట వాళ్లు తెచ్చి దేవునికి ఇస్తారు గదా. ప్రార్థన అయినాక వాటిని వేలం ఏస్తారు. అందరమూ పోతాం. పోయినేడు నేను కోడిపుంజు పాడుకున్నా" అన్నాడు, ఆ పుంజు ఇంకా ముందు సీట్లో కూర్చున్నంత గర్వంగా.

మార్తమ్మ ఇంటి వెనక పెరడు చూడగానే నాకు ఎగిరి గంతేయాలనిపించింది. ముళ్లకంప కంచె పక్కన గుమ్మడి నాటే మోకాలి లోతు గుంత. అందులో మాగిన పేడ, బూడిద, చెత్త. అంట్లు తోమిన నీళ్లు చిన్న కాలువగా అందులోకే పోతున్నాయి. గుంత చుట్టూ నాపరాయి ముక్కలు దగ్గర దగ్గరగా పరిచి ఉన్నాయి. "రాయి కింద తేమ ఆరదు మా. తీగను కంప మీదికి ఎక్కించినామంటే కాయ కాలే నేలకు తగలదు. అంతే, ఇంగేం ల్యా" అంది మార్తమ్మ. నేను రోజుకు రెండు పూటలా బకెట్లు మోసి చంపిన మొక్కలన్నీ కళ్ల ముందు తిరిగాయి.

"ఈ ఏడు మిగిలింది ఒక్కటే కాయ. విత్తనానికని ఉట్టిలో పెట్టినా, కోసిస్తా ఉండు" అంటూ ఆమె లోపలికి వెళ్లింది. మరుక్షణం కేక! ఉట్టి ఖాళీ. అప్పుడే తెల్లచొక్కా వేసుకుని ఆమె భర్త యేసేపు బయటి నుంచి వచ్చాడు. "చర్చిలో ఇచ్చొచ్చినా. దేవునికి ఇచ్చేటప్పుడు ఇంట్లో పెద్దది ఇయ్యాల్నా, వద్దా?" అన్నాడు మెప్పు ఆశిస్తూ.

"నీ తెలివి తెల్లారినట్టే ఉండాది! అది విత్తనం కాయ గదయ్యా!" అంది మార్తమ్మ. ఆమె కళ్లలో నీళ్లు. ఆ కాయను ఎవరైనా పాడుకుని కూర వండుకుంటే, గింజలు చెత్తకుప్పలోకి పోయినట్టే. మళ్లీ నాటడానికి ఇంట్లో ఒక్క గింజ లేదు. "దేవునికిచ్చింది ఎనక్కి అడిగితే నలుగురూ ఏమంటారు? నేను పాడుకుంటే ఇంగా సిగ్గు. నువ్వు పాడు మా. నేను చెప్పినానని మాత్రం అనద్దు" అని నా చెయ్యి పట్టుకుంది. పాడతానన్నాను. ఒక గుమ్మడికాయకు ఎంతవుతుందిలే అనుకున్నాను!

చర్చి అరుగు మీద బియ్యం మూటలు, చెరకు గడలు, కోళ్లు, వాటి మధ్య బండి చక్రమంత మా గుమ్మడికాయ. పాట మొదలైంది. నేను చెయ్యి ఎత్తగానే, రోడ్డు మీద టిఫిన్ హోటల్ నడిపే మద్దిలేటి నాకు పోటీగా ఎత్తాడు. నేను పెంచితే అతనూ పెంచాడు. జనం ఈలలు వేశారు. "గుమ్మడికాయకా ఇంత!" అని పాస్టరయ్యగారే నోరు వెళ్లబెట్టారు. నా పర్సు అడుగంటింది. మూడోసారి గంట కొట్టారు. కాయ మద్దిలేటిది.

వెనక్కి తిరిగితే మార్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. ఇక ఆగలేకపోయాను. "అన్నా, కూర ఎంతైనా వండుకో, ఆ గింజలు మాత్రం పారెయ్యకు!" అని అందరి ముందూ అరిచేశాను.

మద్దిలేటి నన్ను ఎగాదిగా చూసి పకపకా నవ్వాడు. "గింజల కోసమా మా? నేనూ వాటి కోసమే గదా పాడింది! మార్తమ్మక్కను ఎన్నేండ్ల నుంచో అడుగుతాండా, ఒక్కటియ్యల్యా!" వెనక నుంచి ఇంకొకామె, "నాకూ ఇయ్యల్యా!" అంది. చర్చంతా ఒకటే నవ్వు. మార్తమ్మ తల ఎత్తలేదు.

మద్దిలేటి అక్కడే కొడవలి అడిగి కాయను రెండు చెక్కలు చేశాడు. లోపల ఎర్రగా నిగనిగలాడుతోంది. గింజలన్నీ దోసిటితో తీసి, "నీవే గదక్కా, ముందు నువ్వే పట్టు" అని ఆమె చేతుల్లో పోశాడు. ఆమె వాటిని కొంగులో పోసుకుంది. తర్వాత యేసేపును చూసింది. "గింజ గడప దాటద్దని మా అత్త అనింది. ఈయప్ప కాయనే దాటించినాడు. ఒక్కింట్లోనే పెట్టుకుంటే మల్లా ఎప్పుడో ఎత్తకపోతాడు. రండమ్మా, కొంగులు పట్టండి!"

అందరికీ పంచింది. నాకు మాత్రం చెప్పినట్టే మూడు, ఒక్కటి కూడా ఎక్కువ లేదు! కాయ ముక్కలు చర్చి విందు పులుసులో పడ్డాయి. కడుపు పగిలేలా తిని, మూడింటి బస్సుకు బయల్దేరాను.

తొలకరికి రెండు గింజలు నాటాను. నీడలో ఆరబెట్టిన గింజలు, కుండీలో మట్టి మీద పరిచిన రాళ్లు, నేను చేసింది ఇంతే. తీగ మా పిట్టగోడ ఎక్కేసింది, నమ్మండి! పోయిన వారం మార్తమ్మ ఫోన్ చేసింది. "నా తీగను మేక మేసిపాయ మా" అంది. "అయ్యో!" అన్నాను. "నువ్వేం భయపడద్దు. మద్దిలేటి తాన నాలుగు గింజలు తెచ్చుకొని మల్లా నాటినా" అంటూ తనే నవ్వింది. ఆ నవ్వు విన్నాక, ఒట్టు తప్పినందుకు ఆమెకు ఏ బాధా లేదని తెలిసి హాయిగా అనిపించింది. మీరూ ఇలా గింజల కోసం వెళ్తే ఒక్కటి గుర్తుంచుకోండి, మీ ఇంటి విత్తనాలు కొన్ని పొట్లం కట్టుకుని వెళ్లండి. నాలాగా చేతులూపుకుంటూ పోవద్దు. ఇక నేనా? ఫోన్ పెట్టేసి, డబ్బాలో దాచుకున్న మూడో గింజ తీసి ఎదురింటావిడకు ఇచ్చి వచ్చాను. మేకలు మా వీధిలోనూ ఉన్నాయి.