జానెడు దిగిన టేబుల్

2023 వర్షాకాలం. హైటెక్ సిటీలోని ఒక చిన్న వైద్య పరికరాల కంపెనీలో నేను ఫీల్డ్ ఇంజనీర్‌ని. ఆఫీసులో కూర్చునేది తక్కువ. ఎక్స్‌రేలో చూస్తూ రక్తనాళాల గుండా గుండెకు చికిత్స చేసే గదిని క్యాథ్‌ల్యాబ్ అంటారు. అక్కడ మా యంత్రం పక్కన నిలబడి అంకెలు చదవడమే నా ఉద్యోగం.

గుండె నుంచి రక్తం బయటికి వెళ్లే చోట ఉన్న వాల్వ్ వయసుతో గట్టిపడి తెరుచుకోకపోతే, ఛాతీ కోయకుండా తొడ దగ్గరి నాళం నుంచి కొత్త వాల్వ్‌ను పంపి అమరుస్తారు. అది ఒక సన్నని తీగ మీదుగా వెళ్తుంది. మా తీగ కొసన ఆప్టికల్ సెన్సర్ ఉంటుంది. లోపలి గాజు పోగు గుండా వెలుగు వెళ్లి, కొసనున్న పల్చటి పొరకు తగిలి వెనక్కి వస్తుంది. ఒత్తిడికి పొర వంగిన కొద్దీ తిరిగొచ్చే వెలుగు మారుతుంది. దాన్నిబట్టి గుండె లోపలి ప్రెషర్ తెలుస్తుంది. వాల్వ్ అవతలి, అంటే గుండె బయటి ప్రెషర్ మాత్రం పాత పద్ధతిలోనే, సెలైన్ నింపిన గొట్టం ద్వారా, ట్రాన్స్‌డ్యూసర్ అనే చిన్న డబ్బీకి వస్తుంది. ఈ రెండింటి తేడా గ్రేడియెంట్. కొత్త వాల్వ్ బాగా కూర్చుంటే ఆ తేడా దాదాపు పోతుంది. పక్కనుంచి రక్తం వెనక్కి లీకైతే మాత్రం బయటి బీపీలో కింది అంకె పడిపోతుంది.

యాదమ్మది నానక్‌రామ్‌గూడ పాత ఊరు. డెబ్బై దాటాయి. ఆఫీసులు వదిలే వేళకు రోడ్డు పక్కన పొయ్యి పెట్టి జొన్నరొట్టెలు అమ్మేది. ఏడాదిగా నాలుగు రొట్టెలు చేసేసరికి ఆయాసం. రెండుసార్లు పొయ్యి దగ్గరే స్పృహ తప్పింది. వాల్వ్ కోసం ఆమె చేరిన ఆస్పత్రికి మా తీగ కొత్త కాబట్టి, ముందురోజు చికిత్స చేయబోయే డాక్టర్ శైలజ గారు నన్నే వెళ్లి ఆమెకు వివరంగా చెప్పమన్నారు.

“లోపట లైటు పెడ్తరంట గద?” అంది యాదమ్మ.

“చిన్న వెలుగమ్మా. మీకు తెలియను కూడా తెలియదు.”

“నడుమల కరెంటు పోతే?”

“బ్యాటరీ ఉంటుందమ్మా.”

“మంచిగుంది. మా ఇంట్ల ఇన్వర్టర్ లేదుగాని నా గుండెకు బ్యాటరీ!” నవ్వబోయి ఆయాసంతో ఆగిపోయింది. కాసేపటికి, “మల్ల పొయ్యి కాడ కూసునుడైతదా?” అంది.

“అందుకే కదమ్మా చేస్తున్నారు.”

“నీ ఇంట్ల ఎవరెవరుంటరు బిడ్డా?”

“నేనూ మా అక్కా ఉండేవాళ్లం. ఇప్పుడు నేనొక్కదాన్నే.”



అక్క పోయి అప్పటికి నాలుగు నెలలు. పదకొండు రోజులు ఐసీయూలో ఉంది. రోజూ పొద్దున నన్ను పిలిచి ఒక అంకె చెప్పేవారు. అది ముందురోజుకన్నా అధ్వాన్నంగా ఉండేది. మొదట్లో మళ్లీ చూడమని అడిగేదాన్ని. తర్వాత అడగడం మానేశాను.

మర్నాడు ఉదయం క్యాథ్‌ల్యాబ్‌లో ట్రాన్స్‌డ్యూసర్‌ను టేబుల్‌కు బిగించే క్లాంప్ కనిపించలేదు. పక్క గదికి తీసుకెళ్లారట.

“సెలైన్ స్టాండుకు కట్టేద్దాం మేడమ్, ఫికర్ చేయకండి,” అన్నాడు టెక్నీషియన్ రఫీ.

సరేనన్నాను. ట్రాన్స్‌డ్యూసర్ ఎప్పుడూ పేషెంటు గుండె ఎత్తులోనే ఉండాలి. ఓవర్‌హెడ్ ట్యాంకు ఎత్తును బట్టి కుళాయిలో జోరు మారినట్టే, ఎత్తు మారితే దాని అంకె మారుతుంది. స్టాండు నేల మీద ఉంటుంది, టేబుల్‌తో పాటు కదలదు. ఇదంతా తెలిసే ఒప్పుకున్నాను. ఎత్తు సరిచూసి, తీగ ఇంకా వాల్వ్ దాటకముందు రెండు ప్రెషర్లూ ఒకే అంకె చూపిస్తున్నాయని నిర్ధారించుకుని మొదలుపెట్టాం.

ఈ చికిత్సకు పూర్తి మత్తు ఇవ్వలేదు. యాదమ్మ సగం నిద్రలో ఉంది. వాల్వ్ దాని చోట విచ్చుకుంది. ఆ సమయంలో గుండెను కావాలనే వేగంగా కొట్టిస్తారు. అది కుదుటపడేదాకా మా అంకెలకు విలువ లేదు. ఈలోగా ఎకో తీసే అమ్మాయి వచ్చి, టేబుల్ ఎత్తుగా ఉంది, చెయ్యి అందడం లేదంది. రఫీ టేబుల్‌ను ఒక జానెడు దించాడు. ఎకో బొమ్మ మసకగా వచ్చింది. లీకు ఉందో లేదో తేలలేదు.

డాక్టర్ శైలజ నా వైపు తిరిగారు. “మీ తీగ ఏమంటోందండీ?”

“గ్రేడియెంట్ ఇరవై మేడమ్. బయట కింది ప్రెషర్ ముప్పై ఎనిమిది. వాల్వ్ సరిగా విచ్చుకోలేదు, పక్కనుంచి లీకవుతోంది.”

అంకె చెప్పడం వరకే నా పని. ఆ చివరి వాక్యం నేను అనకూడనిది.

ఆమె మసకగా ఉన్న ఎకో బొమ్మను మరోసారి చూశారు. “బెలూన్ తియ్యి రఫీ.”

వాల్వ్ లోపల బెలూన్ ఊదితే అది ఇంకాస్త విచ్చుకుంటుంది. కానీ యాదమ్మ వాల్వ్ చుట్టూ కాల్షియం గడ్డలు కట్టి ఉంది. గట్టిగా నొక్కితే ఆ చోటు చిరగవచ్చు. చిరిగితే ఆమె బతకడం కష్టమని డాక్టరు గారు ముందే చెప్పి ఉన్నారు. రఫీ కవరు చించుతుంటే యాదమ్మ కళ్లు తెరిచింది.

“అయిపోయిందా అమ్మా? మంచం కిందికి దించిన్రు గద, దిగాల్నా?”

“ఇంకా లేదమ్మా. కదలకు,” అన్నారు డాక్టర్ శైలజ.

నేను స్టాండు వైపు చూశాను. ట్రాన్స్‌డ్యూసర్ ఉన్నచోటే ఉంది. యాదమ్మ గుండె దానికి జానెడు కింద ఉంది.

“మేడమ్, ఆగండి. నేను చెప్పింది తప్పు.”

“తప్పేంటి? ఇప్పుడా చెప్పేది?”

“టేబుల్ దించారు, ట్రాన్స్‌డ్యూసర్ పైనే ఉండిపోయింది. బయటి ప్రెషర్ తక్కువ చూపిస్తోంది.”

రఫీ దాన్ని దించి గుండె ఎత్తుకు కట్టాడు. దాని అంకెను మళ్లీ సున్నా నుంచి సరిచూశాం. గ్రేడియెంట్ ఐదు. కింది ప్రెషర్ యాభై మూడు. డాక్టరు గారు నా మాటతో సరిపెట్టుకోలేదు. రంగు మందు ఎక్కించి ఎక్స్‌రేలో స్వయంగా చూసుకున్నారు. చెప్పుకోదగ్గ లీకు లేదు.

“బెలూన్ పక్కన పెట్టు,” అన్నారు. తర్వాత నాతో, “మీ వెలుగు బానే ఉందండీ. నీళ్ల గొట్టాన్నే కాస్త కనిపెట్టుకుని ఉండండి.”

గదిలో ఎవరో నవ్వారు. నాకు నవ్వు రాలేదు. యాదమ్మ నాలుగో రోజు తన కాళ్ల మీద నడిచి ఇంటికి వెళ్లింది.

రిపోర్టులో క్లాంప్ లేకుండా మొదలుపెట్టడం నా తప్పని రాశాను. అది నిజమే, కానీ పూర్తి నిజం కాదు. టేబుల్ దిగడం నేను చూశాను. ఆ అంకె ఐదని వచ్చి ఉంటే, ఇంత బాగా ఎలా వచ్చిందని ఒకటికి రెండుసార్లు సరిచూసేదాన్ని. ఇరవై అని వచ్చింది కాబట్టి వెంటనే నమ్మాను. ఆ నెలల్లో చెడ్డ అంకె నాకు నిజంలాగే కనిపించేది. దాన్ని ప్రశ్నించడం చేతకానితనమనీ, ఒప్పుకోవడమే ధైర్యమనీ అనుకున్నాను. అక్క విషయంలో ఆ అంకెలన్నీ నిజమే. అంతమాత్రాన యాదమ్మ అంకె నిజం కానక్కర్లేదు.

ఇప్పుడు తెర మీద చెడ్డ అంకె వస్తే, నోరు తెరిచే ముందు యంత్రం దగ్గర్నుంచి రెండడుగులు పక్కకు జరిగి, పడుకుని ఉన్న మనిషిని చూస్తాను.