సరోజక్క టోకెన్ల పలక

పలక మీది ఇనుప మేకుకు ఇత్తడి టోకెన్ తగిలిస్తే చిన్న చప్పుడవుతుంది. బొగ్గుగనుల ఊరు మాజ్రిలోని మా కేంద్రంలో అది వినబడితే చాలు, చేతిలో పని వదిలేసి తలెత్తి చూస్తాను. ఎవరో క్షేమంగా తిరిగొచ్చారన్నమాట. ఆ చప్పుడు కోసం ఎదురుచూడడం నాకు నేర్పింది సరోజక్క.

అక్క మా పక్క క్వార్టర్‌లో ఉండే నర్సు. వాళ్ళ నాన్న బొగ్గుగనిలో, కిందికి దిగేవాళ్ళకు దీపాలిచ్చే గది చూసేవాడు. మత్తుమందు ఎక్కించుకునే కుర్రాళ్ళు ఒకరి సూది ఒకరు వాడి రోగాల పాలవుతుంటే, పాత సూది తీసుకుని కొత్తది ఇచ్చే కేంద్రాన్ని సర్కారు అనుమతితో ఆమే నడిపేది. వాళ్ళ నాన్న గదిలో ఒక పద్ధతి ఉండేది: గనిలోకి దిగేవాడు తన టోకెన్ తీసుకుపోయి, పైకొచ్చాక మేకుకు తగిలిస్తాడు. మేకు ఖాళీగా ఉంటే మనిషి ఇంకా కిందే ఉన్నాడని వెతకడానికి వెళ్తారు. అక్క ఆ పద్ధతినే ఇక్కడ పెట్టింది. కొత్త సూదితో పాటు ఎవరి టోకెన్ వాళ్ళకు. వాడిన సూది తెచ్చి డబ్బాలో వేశాక టోకెన్ మళ్ళీ మేకుకు. అలా తీసుకెళ్ళేవాళ్ళలో మా తమ్ముడు రవి ఒకడు.

ఒక మధ్యాహ్నం కాలనీవాళ్ళు కేంద్రం మూయించడానికి వచ్చారు. తాళం తెచ్చింది రవినీ నన్నూ కన్న మా బాపే. ఇది మూతపడితే రవి మళ్ళీ ఎవరి సూదికో చెయ్యి చాస్తాడు.

“సూదులిచ్చి పోరగాళ్ళను ఖరాబు చేస్తున్నవ్ సరోజా!” అని బాపు అరిచాడు.

అక్క గొంతు కూడా పెంచలేదు. “మామా, మా బాపు నీకు దీపమిచ్చేటప్పుడు నువ్వు మంచోనివా, చెడ్డోనివా అని ఎన్నడన్న అడిగిండా? పైకి రావాలె అన్నడు, గంతే. నేను గూడ గదే అంటున్న.”

ఏళ్ళ తరబడి గనిలో దిగిన మనుషులు వాళ్ళంతా. బాపు తాళం జేబులో వేసుకున్నాడు. అబ్బ, ఏం మనిషి అనుకున్నాను! ఇప్పటికీ అదే అనుకుంటాను.

కొన్నాళ్ళకు రవి మేకు ఖాళీగా ఉండిపోయింది. వాడిన సూది వాపసు తెస్తుంటే పోలీసులు పట్టుకున్నారు. అక్క వెంట బాపు కూడా ఠాణాకు వెళ్ళాడు. “వాపసు తెచ్చేటోన్ని పట్టుకుంటే రేపటి సంది సూదులు పట్టాల పక్కన పారేస్తరు సాబ్. మన పిల్లలే తొక్కుతరు,” అని మా బాపే అన్నాడు. మా బాపు! అక్క అనుమతి కాగితం చూపించి, రవిని వదలాలనీ, టోకెన్ ఉన్నవాణ్ణి ఇక ఆపకూడదనీ అధికారిని ఒప్పించేదాకా కుర్చీలోంచి లేవలేదు.

ఇప్పుడు అక్క లేదు, కేంద్రం నేనే నడుపుతున్నాను. రవి మత్తు మానేశాడు, మళ్ళీ పడ్డాడు, మళ్ళీ లేచాడు. రోగం మాత్రం అంటుకోలేదు. గడ్‌చాందూర్‌లో పని చేసుకుంటున్నాడు.

బాపు ఆనాడు తెచ్చిన తాళమే ఇప్పుడు మా కేంద్రం తాళం. మేకులన్నీ నిండాకే దాన్ని వేస్తాను. ఈ సాయంత్రం ఒకటి ఖాళీగా ఉంది. చెప్పులు వేసుకుని వెతకడానికి బయల్దేరుతున్నాను.