చిన్నమ్మ వేలిముద్ర

నాకు కోపం ఎక్కువని మా బడిలో పిల్లలు కూడా చెప్పుకుంటారు. పుట్టుకతో వచ్చిన కోపం కాదది. ఆఫీసుల వరండాల్లో నిలబడి నిలబడి సంపాదించుకున్నది. అందులో పెద్ద వాటా మా జిల్లా కేంద్రంలోని ఒక సంక్షేమ కార్యాలయానిదే. నా చిన్నప్పటి కాగితాలు నాకు చూపించడానికి వాళ్ళు నన్ను ఏడాది తిప్పారు.

ఏడో ఏట నుంచి పదో తరగతి దాకా నేను సర్కారు నడిపే ఆడపిల్లల సదనంలో పెరిగాను. నాకు ఊహ తెలియకముందే మా నాయన పోయాడు. వానలు వరసగా ముఖం చాటేసిన ఆ ఏళ్ళలో మా పల్లెలో సగం ఇళ్ళకు తాళాలు పడ్డాయి. ఆడవాళ్ళు బెంగళూరు పోయి కట్టడాల దగ్గర ఇటుకలు మోసేవాళ్ళు. పిల్లల్ని వెంట తీసుకుపోతే ఇసుక కుప్పల మీద పెరగాలి, ఊళ్ళో వదిలేస్తే పస్తులుండాలి. అప్పుడు ఊళ్ళో పెద్దమనిషి ఒకాయన అమ్మకు ఉపాయం చెప్పాడు. సదనంలో తల్లీ తండ్రీ ఇద్దరూ లేని పిల్లల్నే చేర్చుకుంటారట, కాబట్టి తల్లినని చెప్పకుండా చిన్నమ్మనని చెప్పమన్నాడు.

మా వైపు కరువులో ఇదేమీ వింత కాదు. చిన్నమ్మలు, అత్తలు, అవ్వలు తెచ్చి వదిలిన పిల్లలు సదనం నిండా ఉండేవాళ్ళు. ఆదివారం ఆ చిన్నమ్మలంతా బొరుగుల పొట్లాలు పట్టుకుని వస్తే, వాళ్ళ ముక్కులూ కళ్ళూ అలాగే పిల్లల ముఖాల మీద ఉండేవి. ఎవరికీ ఏమీ తెలియనట్టే అందరూ ఉండేవాళ్ళు.

నన్ను చేర్చడానికి తీసుకుపోయిన రోజు బస్సులో దారి పొడుగునా అమ్మ నాకు ఒకటే పాఠం చెప్పింది. "ఆడ నన్ను అమ్మా అనాకు. చిన్నమ్మా అను. అమ్మా అంటివా, నిన్ను బయటికి తోసేస్తారు. కూడు పెట్టరు." చెప్పిన పాఠం ఒంటబట్టించుకునే పిల్లను నేను. ఎంతగా ఒంటబట్టిందంటే, సదనం వదిలి ఉద్యోగంలో చేరాక కూడా నా నోటికి చిన్నమ్మా అనే వచ్చేది. అమ్మ ఒక్కసారి కూడా సరిదిద్దలేదు. అలా పిలిస్తేనే పలికేది.

నాకు టీచరు ఉద్యోగం వచ్చాక, నా మీద ఆధారపడినవాళ్ళ పేర్లు సర్వీసు రిజిస్టరులో రాయమన్నారు. అమ్మ పేరు రాసిచ్చాను. కొన్నాళ్ళకు అది తిరిగొచ్చింది. స్కూలు రికార్డులో నా తల్లి చనిపోయినట్టు ఉందట. స్కూలువాళ్ళు సదనం కాగితాలు చూసి రాశారట. సరిచేయించుకోవాలంటే ముందు ఆ కాగితాల నకలు తెమ్మన్నారు.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. విత్తనానికి చెనిక్కాయలు ఒలుస్తూ కూర్చుని ఉంది. ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఇంగా అట్లే ఉండాదా అది?" అంది. "ఏదో కడుపు కోసం ఆ పొద్దు అట్ల చెప్తి. ఇన్నేండ్లూ నన్ను సంపే పెట్టినారా? నేను నిజంగా పోయేలోపల దాన్ని కొట్టేయించు పాపా. రెండుసార్లు సావడం నాకిష్టం లేదు."

ఆ మాటతోనే నేను ఆ కార్యాలయం మెట్లెక్కాను. గుమాస్తా ఫైళ్ళ మీద నుంచి తల ఎత్తకుండానే, "పిల్లోళ్ళ ఫైళ్ళు రహస్యం మేడం. బయటోళ్ళకు ఇయ్యం," అన్నాడు.

"ఆ పిల్ల నేనే సార్," అన్నాను.

అప్పుడు తల ఎత్తి నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. గౌనేసుకుని వచ్చుంటే నమ్మేవాడేమో. "అట్లయితే గార్డియన్ సంతకం తెచ్చుకోండి," అన్నాడు. ముప్పైకి దగ్గరపడిన దాన్ని, బడిలో పిల్లల పేర్లు పిలిచి హాజరు వేసేదాన్ని, నాకు గార్డియన్ కావాలట. పోనీ, ఎవరు నా గార్డియన్ అని అడిగితే అది ఫైల్లో ఉంటుందన్నాడు. ఫైలేమో చూపించడు. ఆ రోజు బస్టాండు దాకా నాలో నేను తిట్టుకుంటూ నడిచాను, దారిలో ఎవరైనా చూసి ఉంటే పిచ్చిదనుకుని ఉంటారు.

సమాచార హక్కు చట్టం వచ్చిన కొత్త రోజులవి. పేపర్లో చదివి, తెల్లకాగితం మీద దరఖాస్తు రాసి, స్టాంపు అంటించి ఇచ్చాను. గడువు ముగిసే ముందు జవాబు వచ్చింది. కోరిన సమాచారం ఒక బాలిక వ్యక్తిగత వివరాలకు సంబంధించినదట, ఇస్తే ఆమె గోప్యతకు భంగమట, అందుచేత ఇవ్వలేరట. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే. నా గుట్టు నాకే తెలియకుండా కాపాడుతున్నారు. దాతలు వచ్చిన రోజు మమ్మల్ని ఎండలో వరసగా నిలబెట్టి, చేతిలో పలకలు పెట్టి, నవ్వమని ఫోటోలు తీసి పేపరుకు ఇచ్చారే, ఆ రోజు ఈ గోప్యత ఏ బీరువాలో దాక్కుందో నాకు తెలియదు.

పై అధికారికి అప్పీలు చేశాను. నెలల తర్వాత విచారణకు రమ్మని కబురొచ్చింది. నేను అమ్మను కూడా వెంటపెట్టుకుని పోయాను. కార్యాలయం సదనం ఆవరణలోనే ఉంది. గేటు దగ్గర అమ్మ ఆగిపోయి, కాపలావాడు లోపలికి పొమ్మనేదాకా కదల్లేదు. ఆదివారాలు వచ్చినప్పుడు ఆమె అలాగే ఆగేది.

అధికారి కోస్తా మనిషి, మర్యాదస్తుడు. "కూర్చోండమ్మా," అని ఫైలు తెప్పించాడు. ఏడాది పాటు రహస్యమైనది ఐదు నిమిషాల్లో బల్ల మీదికి వచ్చింది. పైన నన్ను చేర్చుకున్న కాగితం. తల్లి, తండ్రి ఇద్దరూ లేరు, తెచ్చినది చిన్నమ్మ అని రాసి, కింద వేలిముద్ర. దాని వెనక ఆదివారాలు చూడటానికి వచ్చినవాళ్ళ పేజీలు. వరస తర్వాత వరస, పేజీ తర్వాత పేజీ, చిన్నమ్మ, చిన్నమ్మ, చిన్నమ్మ అని రాసి పక్కన వేలిముద్రలు. అమ్మ బొటనవేలికి అడ్డంగా పాత కొడవలి గాటు ఉంది. ప్రతి ముద్రలోనూ ఆ గాటు తెల్లగీతలా పడింది. వారమంతా ఇటుకలు మోసి, బస్సులో నిలబడి వచ్చి, ఆ వేలు ఆనించి, నా కన్నతల్లి నా చిన్నమ్మగా నన్ను చూసిపోయింది.

టీచర్ని కదా, అచ్చయినది ఏదైనా తిప్పి చూడటం అలవాటు. మొదటి కాగితం వెనక సదనం నియమాలు ఉన్నాయి. తల్లి గాని తండ్రి గాని లేని పిల్లలను చేర్చుకొనవచ్చును అని ఉంది. ఇద్దరూ పోనక్కర్లేదు. మా నాయన పోయాడు, అది చాలు. గోరుచుట్టు మీద రోకటిపోటు పడ్డట్టయింది నాకు. అమ్మకు చదివి చెప్పాను.

"అంటే ఏంది?" అంది.

"నువ్వు అమ్మనని చెప్పినా చేర్చుకునేవాళ్ళు."

అమ్మ ఆ కాగితాన్ని తన వైపు తిప్పుకుంది. "మరి ఎవురూ చెప్పలేదే," అంది.

ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది. ఊరి పెద్దమనిషికి తెలియదు, సరే. కానీ ఆ రోజు అమ్మ వేలు పట్టుకుని సిరాలో ముంచి ఆ కాగితం మీద నొక్కిన మనిషికి చదువొచ్చు. పక్కన తల్లి పోలికతో ఒక పిల్ల నిలబడి ఉంది. కాగితం తిప్పి ఒక్క ముక్క చదివి వినిపిస్తే ఒక తల్లి తల్లిగానే ఇంటికి పోయేది. అంత తీరిక లేకపోయింది.

తల్లి చనిపోయిందన్న మాట కొట్టేయమని అధికారిని అడిగాను. ఈమే ఆ వేలిముద్రలు వేసిన మనిషి అని అమ్మ బొటనవేలు చూపించాను. ఆయన ముద్రలూ వేలూ చూసి తలూపాడు.

"అవునమ్మా, ఈవిడే. అంటే రికార్డు ప్రకారం ఈవిడ మీ చిన్నమ్మగారని తేలింది. తల్లిగారి విషయం వేరే కదా."

గుమాస్తా పక్క నుంచి అందుకున్నాడు. "మీయమ్మ బతికుండాదని సెప్పాలంటే, మీయమ్మ దగ్గరనుంచి ఏదైనా ఆధారం కావాల మేడం."

నేను నోరు తెరిచేలోపల అమ్మ లేచి నిలబడింది. "నన్ను సంపింది నేనే సార్," అంది. "నేనే బతికిస్తా. యాడ వేలు పెట్టాలో సూపించండి."

"అట్లాంటి ఫారం లేదమ్మా," అన్నాడు గుమాస్తా. ఎగతాళిగా కాదు, నిజంగానే బీరువా వైపు చూసి చెప్పాడు. అధికారి నకళ్ళ మీద సంతకం చేసి, మిగతాది కోర్టులో తేల్చుకోమన్నాడు.

అమ్మ ఇంకా వేలు చాపుకునే నిలబడి ఉంది. ఆ వేలు చూస్తే నాకు దుఃఖం రాలేదు, కోపమే వచ్చింది. కాగితాలు సంచిలో పెట్టుకుని, ఆమె భుజం మీద చెయ్యి వేసి, "అమ్మా, పోదాం పా," అన్నాను.

అమ్మ ఉలిక్కిపడింది. గుమాస్తా వైపు చూసింది, కిటికీలోంచి గేటు వైపు చూసింది. నా మణికట్టు గట్టిగా పట్టుకుని, చెవి దగ్గరికి వంగింది.

"మెల్లగా అను పాపా. ఇంటారు."

నేను ఇంకోసారి పిలిచాను, ఆ వరండా అంతా వినపడేట్టు.