బయమ్మ రాయించిన కాగితం

అనంతపురంలోని ఒక బోధనాసుపత్రిలో, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల వార్డుకు బయమ్మ ఆయా. వయసు యాభై నాలుగు. పద్దెనిమిదేళ్లుగా శింగనమల దగ్గరి పల్లె నుంచి మొదటి బస్సుకు వచ్చి, నేల తుడిచి, పక్కగుడ్డలు మార్చి, తల్లులకు వేడినీళ్లు అందించి, సాయంత్రం బస్సుకు వెళ్లిపోతోంది. బడికి పోకపోయినా పెద్దల చదువుల తరగతిలో కూడబలుక్కుని అక్షరాలు నేర్చుకుంది. ఏదైనా సరే, ముఖం మీదే అనేసే మనిషి.

ఆ వార్డులో డాక్టర్ హరిత పిల్లల వైద్యంలో పీజీ చేస్తోంది. కాకినాడ అమ్మాయి. చదువు పూర్తి కావాలంటే ఒక పరిశోధన చేయాలి. బరువు తక్కువ బిడ్డను తల్లి ఎదమీద ఒంటికి ఒళ్లు ఆనించి పడుకోబెడితే వెచ్చగా ఉంటుందని అందరికీ తెలిసిందే. అయితే పెద్దాపరేషన్ అయిన తల్లి రెండు మూడు రోజులు లేవలేదు. ఆ రోజుల్లో తండ్రి ఎదమీద పడుకోబెడితే బిడ్డ అంతే వెచ్చగా ఉంటుందా? హరిత తేల్చదలచుకున్నది ఇదే. అందుకు అరవై మంది తండ్రులు ఒప్పుకోవాలి.

పది రోజులైనా ఒక్కరూ సంతకం పెట్టలేదు. ఆమె కాగితం చదవడం మొదలుపెట్టగానే వాళ్ల ముఖాలు మారిపోయేవి. చిలమత్తూరు వైపు నుంచి వచ్చిన సోమప్ప అయితే సగంలోనే లేచి, బిడ్డను ఇంటికి తీసుకుపోతానని బయటికి నడిచాడు. బిడ్డ బరువు కిలోన్నర. బయమ్మ వెనకాలే పరుగెత్తి వరండాలో అడ్డం నిలబడింది.

"ఏమన్నా, యాడికి పోతావు? బిడ్డ బతకొద్దా?"

"నా బిడ్డ మీద ప్రయోగం చేస్తారంటక్కా! ఆయమ్మే చదివి చెప్పింది. తెలిసి తెలిసి ఎట్ల ఉంటాము ఈడ?"

బయమ్మకు విషయం అర్థమైంది. అతణ్ణి కూర్చోబెట్టి, అదేమిటో విడమరిచి చెప్పి, బిడ్డను వార్డులోనే ఉండనిచ్చేదాకా కదల్లేదు. తర్వాత నేరుగా హరిత దగ్గరికి వెళ్లింది.

"డాక్టరమ్మా, ఆ కాగితంలో ప్రయోగం అని రాసినారే, మా పక్క ప్రయోగం అంటే చేతబడి. పసిబిడ్డకు చేతబడి చేస్తామంటే ఎవురు ఒప్పుకుంటారు?"

హరితకు ముందు నవ్వొచ్చింది. మరుక్షణం కళ్లలో నీళ్లు తిరిగాయి. "పుస్తకాల్లో మాటలే రాశానండీ. మరి ఎలా రాయమంటారు?"

"నేను చెప్తా, మీరు రాసుకోండి."

బట్టలు మడిచే గదిలో, ఉతికిన దుప్పట్ల మధ్య కూర్చుని ఇద్దరూ మూడు రోజులు ఆ కాగితం రాశారు. ఒకచోట హరిత కలం ఆపేసింది. "'మాకు తెలీదు' అని డాక్టర్లే రాస్తే ఎవరైనా నమ్ముతారా?"

"తెలీదంటేనే నమ్ముతారమ్మా. అన్నీ తెలుసన్నోన్ని మా ఊర్లో ఎవురూ నమ్మరు."

చివరి వాక్యం బయమ్మ పట్టుబట్టి రాయించింది. ఎందుకంత పట్టు అని హరిత అడిగితే, దుప్పటి మడత పెడుతూ చెప్పింది.

"ముప్పై ఏండ్ల కింద ఒక నర్సింగ్ హోంలో నాతో ఏలిముద్ర ఏపిచ్చుకున్యారు. కడుపు కోసినారు. దేనికి కోసినారో ఈ పొద్దుటికీ తెలీదు. వద్దంటే మంచం మీంచి దింపేస్తారేమోనని ఏసినా. ఈళ్లకూ అదే బయం."

అలా తయారైన కాగితం ఇదీ:

"నీ బిడ్డ బరువు తక్కువ ఉండాది. తల్లి లేచేదాకా రోజుకు ఆరు గంటలు నీ ఎదమీద పండబెట్టుకుంటావా అని అడుగుతాండాము. సూదుల్లేవు, మందుల్లేవు. గంటకొకసారి బిడ్డ ఒంటి వేడి చూసి రాసుకుంటాము. తల్లి ఎదమీద ఉన్నంత వెచ్చగా తండ్రి ఎదమీద గూడా ఉంటాదా అనేది మాకు తెలీదు. తెలుసుకునేదానికే ఇది. ఇష్టం లేకుంటే వద్దను. వద్దన్నావని మంచం తీసేయము, వైద్యం తగ్గీయము, ఎవురూ కసురుకోరు."

పరిశోధనల్లో రోగులకు అన్యాయం జరగకుండా చూసే కమిటీ ఒకటి ఆసుపత్రిలో ఉంది. కాగితం మారిస్తే మళ్లీ వాళ్ల అనుమతి కావాలి. కమిటీ పెద్ద బదరీనారాయణ గారు, రిటైరైన ప్రొఫెసర్. కాగితం చదివి, దీన్ని రాసిందెవరని అడిగారు. హరిత తలుపు బయట నిలబడ్డ బయమ్మను పిలిచింది.

కమిటీలో ఒకాయన నొసలు చిట్లించాడు. "ఇది మరీ పల్లె భాషలా ఉంది. చదువుకున్నవాళ్లకు అర్థమయ్యేలా రాస్తే చాలదా?"

"సార్, చదువుకున్నోళ్లు కానుపుకు ఈడికి యాల వస్తారు? ప్రైవేటుకు పోతారు," అంది బయమ్మ.

గదంతా ఘొల్లుమంది. అందరికంటే ముందు నవ్వింది బదరీనారాయణ గారే. అనుమతి కాగితం మీద ఆయన అక్కడికక్కడే సంతకం పెట్టారు.

మొదట ఒప్పుకున్నవాడు శింగనమల ఆదెప్ప. భార్య రేఖకు ఆపరేషనైంది. కొడుకు కిలో ఆరువందలు. చొక్కా విప్పడానికి అరగంట సిగ్గుపడ్డాడు. బిడ్డను ఎదమీద పెట్టి బయమ్మ గుడ్డతో కట్టగానే బిగుసుకుపోయాడు.

"ఊపిరి పీల్చుకోప్పా, ఏమీ కాదు!"

కాసేపటికి బిడ్డ నిద్రపోయాడు. ఆదెప్ప ఆ ఆరు గంటలూ కుర్చీలోంచి లేవలేదు. తుమ్ము వస్తే ముక్కు పట్టుకుని ఆపుకున్నాడు. సాయంత్రం బిడ్డను అందుకోబోతే, "ఇంకొంచెంసేపు ఉండనీక్కా, వీడు నా గుండెకాయ శబ్దం ఇంటాండాడు," అన్నాడు. బయమ్మ చాపిన చేతులు వెనక్కి తీసుకుంది.

ఆ తర్వాత తండ్రులు ఒకరిని చూసి ఒకరు వచ్చారు. ఎదనిండా వెంట్రుకలున్న కుళ్ళాయప్పను చూసి, "ఏమప్పా, గొంగళి కప్పుకోని వచ్చినావా? బిడ్డకు చలే ఉండదులే!" అంది బయమ్మ. మీసాల మనుషులు నలుగురైదుగురు వరసగా కూర్చుని, ఎదల మీద పిల్లలతో, వేరుశనగ ధర గురించి గుసగుసగా మాట్లాడుకునేవారు. ఆపరేషన్ కుట్లు నొప్పి పుడుతున్నా తల్లులు వాళ్లను చూసి నవ్వు ఆపుకోలేకపోయేవారు.

రామాంజి అనే ఒకాయన మాత్రం వద్దన్నాడు. ఆరోజూ మర్నాడూ అతని భార్యకే బయమ్మ ముందుగా వేడినీళ్లు ఇచ్చింది. నాలుగో రోజు అతనే వచ్చి తల గోక్కున్నాడు. "ఇప్పుడు కూచుంటే లెక్కలోకి వస్తానాక్కా?"

"లెక్కలోకి రావు, తల్లి లేచింది గదా. బిడ్డకైతే వెచ్చగా ఉంటాది. కూచో."

పది నెలల్లో అరవై మంది పూర్తయ్యారు. లెక్కలన్నీ తేలిన మధ్యాహ్నం హరిత కాగితాలతో వార్డులోకి పరుగెత్తుకొచ్చింది. "తేడా లేదండీ బయమ్మగారూ! తండ్రుల ఎదమీద కూడా అంతే వెచ్చగా ఉన్నారు!"

బయమ్మ చేతిలో గుడ్డ పక్కన పెట్టి ఆమె రెండు బుగ్గలూ నిమిరి మెటికలు విరిచింది. అప్పటిదాకా, బిడ్డను ఎదమీద పెట్టుకునేవాళ్లు తప్ప మిగతా తండ్రులు వార్డు గడప దాటకూడదనేది నియమం. ఆ నెలలోనే అది పోయింది. గోడవారగా వాళ్లకోసం ఆరు వాలుకుర్చీలు వచ్చాయి.

ఈ ఏడు ఉగాది వెళ్లిన వారం, ఆదెప్ప, రేఖ కొడుకును బరువు చూపించడానికి తెచ్చారు. ఏడాది నిండింది, తొమ్మిది కిలోలు. తూకం మీద ఏడుపు లంకించుకున్నాడు. రేఖ చేతులు చాపింది. వాడు ఆమెను దాటి తండ్రి మెడ పట్టుకుని వేలాడాడు.

"చూడక్కా! కోత కోయించుకోని కన్నది నేను. వీనికి నాయన కావాలంట, నాయన!" అంది రేఖ కోపం నటిస్తూ.

ఆదెప్ప ముఖం వెలిగిపోయింది. బయమ్మ పడీపడీ నవ్వుతూ, బరువు చీటీ మీద తన గుండ్రటి అక్షరాలతో తొమ్మిది అని రాసింది.