రామాంజికి కావలసిన సాఫ్ట్‌వేర్

2023 మే నెల. అనంతపురం టవర్ క్లాక్ దగ్గర, జిరాక్స్ అంగడిపైన నా ఆఫీసు. అంతకుముందు బెంగళూరులో అమెరికా వాళ్ల పన్ను రిటర్నులు తయారుచేసే కంపెనీలో చాలా ఏళ్లు పనిచేశాను. ఎన్‌రోల్డ్ ఏజెంట్ పరీక్ష కూడా పాసయ్యాను. అంటే అమెరికా పన్నుశాఖతో కక్షిదారు తరఫున మాట్లాడే అర్హత. మా ఊళ్లో ఆ చదువుతో పనేముంటుందని అందరూ అనేవారు, నేను కూడా అలాగే అనుకునేదాన్ని.

ఒకరోజు మధ్యాహ్నం రామాంజి వచ్చాడు. సోమందేపల్లెలో డ్రిప్ పైపుల అంగడి ఆయనది. భార్య హానా అమెరికా పౌరురాలు. చెవిటి పిల్లలకు మాట నేర్పడానికి పెనుకొండ వైపు వచ్చి, ఇతన్ని పెళ్లి చేసుకుని ఇక్కడే ఉండిపోయింది. ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఒక అమెరికా కంపెనీకి ఉచ్చారణ పాఠాలు రికార్డు చేసిస్తుంది. అమెరికా పౌరులు ఏ దేశంలో ఉన్నా ఏటా అమెరికాకు రిటర్ను వేయాలి. హానా రిటర్నును కాలేజీలో ఆమెతో చదివిన మార్క్ అనే స్నేహితుడు అక్కడినుంచే వేస్తున్నాడు.

"ఇంట్లోనే కూచోని చేసుకునే సాఫ్ట్‌వేరు ఏదన్నా చెప్పక్కా. ఆయప్పతో పని లేకుండా పోవల్ల" అన్నాడు రామాంజి.

మార్క్ ఏమైనా తప్పు చేశాడా అని అడిగాను. తప్పేమీ లేదన్నాడు. కాసేపు ఫ్యాను వైపు చూసి, "ఆమె సంపాదన సంగతి నాకంటే ముందు ఆయప్పకు తెలుస్తాది. ఫోన్లో మాట్లాడుతూ నవ్వుతాది. పన్ను గురించి నవ్వేదేముంటాదక్కా?" అన్నాడు.

రిటర్ను ఆమెది, సంతకం ఆమెది, ఆమె లేకుండా నేనేమీ ఎంచనని చెప్పాను. ముఖం ముడుచుకుని వెళ్లిపోయాడు. వారం తిరక్కుండానే ఇద్దరూ కలిసి వచ్చారు.

హానా తెలుగు అచ్చం సోమందేపల్లె తెలుగే. మార్క్‌ను మానేయడం తనకు ఇష్టమేనని, విదేశాల్లో ఉండేవాళ్ల నిబంధనలు తనకు సరిగా తెలియవని అతనే అన్నాడని చెప్పింది. "కానీ ఈయన వద్దన్నాడని మానేది లేదు. నాకు కావల్లని మానేస్తా" అంది. రామాంజి గోడకున్న క్యాలెండర్ చూస్తూ కూర్చున్నాడు.

నేను పనిలోకి దిగాను. మొదటి సాఫ్ట్‌వేర్ అమెరికాలో పేరున్నదే, కానీ మన చిరునామాను, పిన్‌కోడును తీసుకోలేదు. రెండోది తీసుకుంది. అయితే హానాది ఉద్యోగం కాదు, సొంత పని. అలాంటివాళ్లు విదేశంలో ఉన్నా, ఆదాయపు పన్ను మినహాయింపు దొరికినా, సోషల్ సెక్యూరిటీ పన్ను మాత్రం తప్పదు. మన పీఎఫ్ లాంటిదనుకోండి. ఆ లెక్కా, విదేశీ మినహాయింపూ ఒకేచోట కావాలంటే ఖరీదైన రకం కొనమంది. మూడోది విదేశాల్లో ఉండే అమెరికన్ల కోసమే తయారైంది. ఎఫ్‌బార్ కూడా అందులోనే వేయవచ్చు. అమెరికా బయటి బ్యాంకు ఖాతాల్లో ఒక పరిమితికి మించి డబ్బుంటే ఇవ్వాల్సిన సమాచారం అది. భార్యాభర్తల జాయింటు ఖాతా కూడా అందులోకి వస్తుంది.

మూడోదే బాగుందని ముగ్గురం అనుకున్నాం. హానా వివరాలు కొడుతూ పోయింది. సాఫ్ట్‌వేర్ భర్త పేరు అడిగింది, ఆమె కొట్టింది. భర్తకు మన పాన్ లాంటి అమెరికా పన్ను నంబరు ఉందా అని అడిగింది. లేదు. అప్పుడా గడిలో ఎన్‌ఆర్‌ఏ అని వచ్చింది.

అంటే ఏమిటని రామాంజి అడిగాడు. అమెరికాలో ఉండని విదేశీయుడు అని చెప్పాను.

"నేనా?" అన్నాడు. తెర దగ్గరికి వంగి, "ఆ మార్క్ అయితే సొంతోడు. నేను పరాయోడినా?" అన్నాడు.

ఆ మాట తీసేసే దారి ఉందా అని అడిగాడు. ఉందన్నాను. నంబరు తెచ్చుకుని, నన్ను కూడా మీలో ఒకడిగా చూడండని రాసిచ్చి, ఉమ్మడిగా రిటర్ను వేయవచ్చు. కానీ అప్పటినుంచి ఏటా పైపుల అంగడి లాభం కూడా అమెరికాకు చెప్పాలి. అంత వివరించినా, "చెప్తాను. నాకేం భయం?" అన్నాడు. అతను నిజంగానే సిద్ధపడ్డాడు. నా పనిలో లాభనష్టాలు చూసి దారి ఎంచుకున్నవాళ్లే అందరూ. ఒక మాట మీద ఉక్రోషంతో ఎంచుకోబోయినవాణ్ణి అతన్నే చూశాను.

హానా కీబోర్డు మీదినుంచి చేతులు తీసింది.

"పెండ్లయినప్పటినుంచి ఈడ నన్ను ప్రతి ఆఫీసులో ఫారినర్ అనే రాస్తాండారు. నువ్వు పక్కనే నిలబడినావు. నేనెప్పుడన్నా నీ మింద అలిగినానా?"

అతను లేచి వరండాలోకి వెళ్లి నిలబడ్డాడు. ఆమె పిలవలేదు. చాలాసేపటికి తనే వచ్చి కుర్చీ ఆమె పక్కకు జరుపుకుని, "సరే, అట్లే ఉండనీ. జాయింటు ఖాతా పాస్‌బుక్కు తెచ్చినా, చూడు" అన్నాడు.

పని అయ్యాక హానా అక్కడినుంచే మార్క్‌కు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. అతను సంతోషించాడు. ఎక్కడ పొరపాటు చేస్తానోనని ప్రతి ఏడాదీ భయపడేవాణ్ణని చెప్పి నవ్వాడు. నేను రామాంజికి తెలుగులో చెప్పాను. "ఇంకేమన్నా అన్నాడా?" అని అడిగాడు. లేదన్నాను. సగమే నమ్మినట్టున్నాడు.

మరుసటి ఏడు వాళ్లు ఎఫ్‌బార్‌లో ఒక సందేహం తీర్చుకోవడానికి మాత్రమే వచ్చారు. మిగిలినదంతా ఇంట్లో ఇద్దరూ కూర్చుని చేసుకున్నారట. మార్క్‌తో ఇప్పటికీ అప్పుడప్పుడు మాట్లాడుతుందని, మాట్లాడినంతసేపూ రామాంజి అంగడిలో పనుందని వెళ్లిపోతాడని హానా చెప్పింది.

ఆ కేసు తర్వాత సాఫ్ట్‌వేర్ అడిగి వచ్చినవాళ్లను ముందు ఆదాయం గురించి అడగడం మానేశాను. ఇన్నాళ్లూ ఈ పని ఎవరు చేసిపెట్టారు, ఇప్పుడెందుకు మారుతున్నారు అని అడుగుతాను. సగం కేసు అందులోనే తెలుస్తుంది.

రామాంజి వరండాలో నిలబడ్డ రోజు ఇంటికి వెళ్లి ఇదంతా మా ఆయనకు చెప్పాను. టీవీ చూస్తూ ఊఁ కొట్టాడు. ఇన్నేళ్లలో నేను ఎవరితో కూర్చుని లెక్కలు చూస్తానో ఆయన ఒక్కసారీ అడగలేదు. అది నా మీద నమ్మకమనే అనుకుంటూ వచ్చాను. ఆ సాయంత్రం మాత్రం హానాను తలుచుకుంటే అసూయగా అనిపించింది.