వదిన గులాబీలకు నా పసుపు వైద్యం

ముందే చెప్తున్న, నేనైతే సారీ చెప్ప. వారం సంది బోధన్‌ల మా గల్లీ అంతా నన్ను "గులాబీ డాక్టరమ్మ" అంటున్నది. అననీయుండ్రి! అసలేమైందో వింటే మీరు గూడ నా దిక్కే మాట్లాడుతరు.

మా వదిన పానమంతా పెరట్లున్న తొమ్మిది గులాబీ చెట్ల మీదనే. ప్రతి ఈస్టరుకు చర్చిల బల్ల మీద పెట్టే పూలు మా ఇంటియే. ఈసారి గూడ "పూల ఫికర్ మీకొద్దు పాస్టరయ్యా" అని మాటిచ్చి, వాళ్ల అవ్వకు కండ్ల ఆపరేషన్ ఉందని రెండు వారాలు తల్లిగారూరు వర్నికి పోయింది. పోతపోత నాకొక్కటే చెప్పింది. "సునీతా, నీళ్లు పొద్దుగాల చెట్టు మొదట్ల పొయ్యి. ఆకులు తడపకు."

నాకు గదే నచ్చలె. దుమ్ము పట్టిన ఆకులను చూస్తుంటే పాపమనిపియ్యదా? రోజూ డ్యూటీ నుంచి రాంగనే, సాయంత్రం పూట పైపు పట్టి చెట్లకు తలస్నానం చేపిచ్చిన. ఆకులు మిలమిల! ఫోటో తీసి వదినకు వాట్సప్ పెట్టిన.

"ఆకులు తడిగున్నయేంది?" అని వెంటనే ఫోన్.

"మంచు పడ్డది వదినా."

"ఎండకాలంల మంచా?"

"హలో... హలో... సిగ్నల్ లేదు వదినా!"

వారం తిరిగేసరికి ఆకుల మీద నల్ల చుక్కలు లేచినయి. చుట్టూత పసుపుపచ్చగై రాలుడు గూడ షురువైంది. పక్కింటి లక్ష్మక్క గోడ మీదికెల్లి తొంగి చూసి, "నల్లమచ్చ తెగులు పిల్లా! రాత్రంతా ఆకు తడిగుంటే ఇట్లనే అయితది. మచ్చలున్న ఆకులు తెంపి దూరం పారెయ్యి. లీటరు నీళ్లకు చిన్న చెంచాడు తినే సోడా, రెండు చుక్కలు సబ్బునీళ్లు కలిపి, ఎండ ఎక్కకముందే కొట్టు" అన్నది.

మంచి మాటనే. కానీ మా బాపు పసుపు రైతు. మోకాలు చెక్కుకపోతే పసుపు, గొంతు నొస్తే పసుపు, కోడికి జబ్బు చేసినా పసుపు. గసుంటి ఇంట్ల పుట్టి, పసుపు లేకుండ మందు కలుపుతనా? బాపు పంపిన పసుపు నాలుగు పిడికిళ్లు ఏసిన. చెంచాల లెక్క ఎవ్వలు వెడ్తరని సోడా సగం పాకెట్ ఒంపిన. మీదికెల్లి బట్టల సబ్బు పొడి. మందు కొట్టే చేతిపంపుల పోసి ఊపి చూస్తే... నీళ్లు ఎర్రగ! రక్తమే అనుకోండ్రి!

తెల్లంగి మీద కూర ఒలికి, సబ్బు రుద్దిన ప్రతి మనిషికి తెలుసు, సబ్బు తగిలితే పసుపు ఎర్రగైతదని. నాకూ తెలుసు. ఆ ఘడియల యాదికి రాలె. పైకెల్లి, "రంగు మారిందంటే మందు మస్తు స్ట్రాంగ్ అయింది" అని ఖుషీ అయిన.

ఆదివారం, మిట్ట మధ్యాహ్నం, నెత్తి పగిలే ఎండ. పంపు పట్టి కొట్టుడే కొట్టుడు! చెట్లు ఎర్రగ, సున్నమేసిన గోడ ఎర్రగ, నా కాళ్లు ఎర్రగ. సరిగ్గ గప్పుడే గేటు తీసుకొని, ఈస్టరు పూలు ఎట్లున్నయో చూద్దామని పాస్టరయ్య లోపలికొచ్చిండు. తెల్ల అంగి. నేను "వందనాలయ్యా!" అని తిరిగిన. నాతోని పంపు గూడ తిరిగింది.

గోడ మీదికెల్లి లక్ష్మక్క: "ఓ పాస్టరయ్యా! మీరు గూడ దిష్టి తీస్తరా? ఎర్రనీళ్లు మా కంటె మంచిగ కలిపిండ్రు!"

"ఎవ్వలకు దిష్టి బిడ్డా?" అన్నడాయన, అంగి దిక్కు చూసుకుంట.

"గులాబీలకయ్యా... అంటే దిష్టి కాదు, మందు! ఆగుండ్రి, సబ్బు పెట్టి కడుగుత."

"సబ్బొద్దు తల్లీ! ఇంకా ఎర్రగైతది."

చూసిండ్రా, ఆయనకు యాదికున్నది!

ఆ సోడాకు, ఆ ఎండకు రెండు రోజులల్ల ఆకులు అప్పడాల లెక్క మాడినయి. మొగ్గలు బీడీ ముక్కలైనయి. మాడినయన్నీ తెంపి పారేసిన. గురువారం వదిన దిగింది. బ్యాగు చేతులనే ఉన్నది.

"చెట్లేవి?"

"ఇయ్యే వదినా. తెగులు పూరా పోయింది! ఒక్క నల్లమచ్చ చూపియ్యి, చూద్దాం."

"మచ్చ ఉండనీకి ఆకేది?"

వదిన కండ్లల్ల నీళ్లు తిరిగినయి. నేను మెల్లగ ఆమె చేతిల బ్యాగు అందుకున్న. ఏడ్చుకుంటనే పాస్టరయ్యకు ఫోన్ చేసింది. లక్ష్మక్క గోడ అవతలికెల్లి "ఏడువకు పిల్లా, ఈస్టరుకు నా మల్లెలు కోసుకపో" అని ఒర్రుతున్నది. అవతల పాస్టరయ్య మెల్లగ అడిగిండట: "అమ్మా, రేపు గుడ్ ఫ్రైడే. ముళ్లకిరీటం అల్లనీకి పొద్దటి సంది కొమ్మలు దేవులాడుతున్న. మీ చెట్లకిప్పుడు ముళ్లు తప్ప ఏం లేవు గద... నాలుగు కొమ్మలిస్తరా?"

ఇచ్చినం. శుక్రవారం చర్చిల, "ఈ ముళ్లు ఇచ్చిన కుటుంబం" అని మైకుల మా ఇంటిపేరు చదివిండు. ఇన్నేండ్లు పూలిచ్చినా ఒక్కసారి చదవలె, నేను చెయ్యి పెట్టిన రెండు వారాలకే చదివిండు! అందరు మా దిక్కు తిరిగిండ్రు. వదిన కొంగు మొఖం మీదికి గుంజుకున్నది. మా అన్న చెప్పులు వెతుకుతున్నట్టు కిందికి వంగిండు.

నేనొక్కదాన్నే లేచి నిలవడి, అందరికి దండం పెట్టిన.