పాత గోడల జాతకం

చిక్కబళ్ళాపురంలో రెడీమేడ్ గోడలు అమ్మే యార్డులో నాది లెక్కలు చూసే పని. విప్పేసిన షెడ్ల నుంచి వచ్చిన పాత ప్యానెళ్ళను కూడా మళ్ళీ అమ్ముతాం. ప్రతి ప్యానెల్‌కూ ఒక కోడ్ అంటించి ఉంటుంది. ఫోన్‌తో స్కాన్ చేస్తే అది ఎక్కడ తయారైందో, ఇంతకుముందు ఎక్కడ వాడారో, మళ్ళీ వాడటం వల్ల ఎంత సిమెంటు మిగిలిందో కనిపిస్తుంది. ఆ మిగిలిన లెక్క చూడటం నాకు ఇష్టం.

బాగేపల్లిలో మా వదిన కట్టుకుంటున్న ఇంటికి పాతవి చాలని నేనే చెప్పాను. లారీ ఆమె స్థలం ముందు ఆగింది. నేను స్కాన్ చేస్తుంటే డ్రైవర్ నవ్వాడు.

“గోడలకి గూడా జాతకం చూస్తాండావా అప్పా?”

నేనూ నవ్వుతూనే ఫోన్ చూశాను. ‘చింతామణి, తాత్కాలిక కోవిడ్ వార్డు’ అని ఉంది. మా అన్న పోయింది ఆ వార్డులోనే. పక్క ప్యానెల్ చూశాను, దాని పక్కదీ చూశాను. అన్నిటికీ అదే మాట.

“ఏమైందప్పా, అట్ల తెల్లబోయినావు?” అంటూ వదిన దగ్గరికొచ్చింది. దాచలేక చెప్పేశాను. ఆమె లారీ దగ్గరికెళ్ళి ఒక ప్యానెల్ మీద చెయ్యి పెట్టింది.

“వద్దులే వదినా, వెనక్కి పంపేస్తా. వేరేవి తెప్పిస్తా.”

“అప్పుడు ఆయన్ని ఇంటికి తేనీలేదు గదప్పా. అట్నుంచి అట్లే తీస్కపోయినారు,” అంది. “ఆయన కడాకు చూసిన గోడలివి. దింపించు.”

డ్రైవర్ తాళ్ళు విప్పాడు. నేను మాత్రం ఒక్క ప్యానెల్‌కూ చెయ్యి తగిలించలేకపోయాను.